సముద్రము దాటి వచ్చు పని: లాభనష్టములు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయమునకు వాడుకలో నున్న పేరు అవుట్‌సోర్సింగ్. ఈ మాట మీకు క్రొత్తది కాదు. మన కార్యాలయములలోను, ఆసుపత్రులలోను ఏజెన్సీల ద్వారా పనిచేయు కంప్యూటర్ ఆపరేటర్లను, పారిశుద్ధ్య కార్మికులను మనము ఆ పేరుతోనే పిలుచుచున్నాము. పని ఒకరిది, జీతమిచ్చువారు వేరొకరు. ఏ కష్టము వచ్చినను ఎవరి గడప త్రొక్కవలెనో తెలియకపోవుట ఆ ఏర్పాటులోని చిక్కు. ఒక దేశపు కంపెనీ తన పనిని మరియొక దేశమున చేయించుకొన్నప్పుడు ఆ చిక్కు సముద్రమంత విశాలమగును. నేటి మన విషయము అదియే.

"ఇది ఢిల్లీలోను, హైదరాబాదులోను మాటలాడుకొనవలసిన సంగతి, పంచాయతీకి దీనితో ఏమి పని?" అని మీరు అడుగవచ్చును. మేమును కొంతకాలము అట్లే తలచితిమి. ఇటీవల గోదావరి డెల్టాలోని ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము పోయినప్పుడు మా అభిప్రాయము మారినది.

ఆ దినమున అచట పంచాయతీ సమావేశము జరుగుచుండెను. ఒక కాంట్రాక్టరు ఊరిలో కుట్టు మిషన్ల షెడ్డు పెట్టుటకు ముందుకు వచ్చెను. విదేశములలోని దుకాణములకు పోవు చొక్కాలు, పిల్లల దుస్తులు అచట కుట్టింతురట. నూట ఇరువదిమంది స్త్రీలకు పని దొరకునట. అందులకు ప్రతిగా సామాజిక భవనమును నామమాత్రపు అద్దెకు ఇమ్మనియు, నీటి కుళాయి వేయింపుమనియు, పన్నులో తగ్గింపు చేయుమనియు ఆయన కోరెను.

సభ్యులు రెండుగా చీలిరి. "మా ఆడపిల్లలు చీకటితో ఆటో ఎక్కి ఎంతో దూరం పోయి రొయ్యల షెడ్డుల్లో పని చేసి వస్తున్నారు. పని ఇంటి ముందుకొస్తే వద్దంటామా?" అని ఒక సభ్యురాలు అనెను. "రేపు ఆయన మిషన్లు లారీకెత్తుకుని పోతే అప్పుడేం చేస్తాం?" అని మరియొక సభ్యుడు అడిగెను. ఇద్దరి మాటలోను న్యాయము కలదు.

అప్పుడు వెనుక కూర్చున్న ఒక వృద్ధురాలు లేచెను. చిన్ననాటి నుండి లేసు అల్లిన చేతులు ఆమెవి. "బాబూ, యాభై ఏళ్ళు లేసు అల్లాను. నా లేసు ఏ దేశం పోయిందో నాకు తెలీదు. అక్కడ ఎంతకు అమ్మారో తెలీదు. ఈ పిల్లలకైనా ఆ రెండూ తెలిసేటట్టు చూడండి" అని చెప్పి కూర్చుండెను. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తీర్మానము తరువాతి సమావేశమునకు వాయిదా పడెను.

ఆమె మాటలే నేటి మా ప్రసంగమునకు మూలము.

పని ఏల ప్రయాణము చేయును?

మన చేనేత గ్రామములలో షావుకారు నూలును, నమూనాను ఇచ్చును. నేతగాడు తన యింట మగ్గముపై నేసి, బట్టను అప్పగించి మజూరీ పుచ్చుకొనును. ఆ బట్ట ఎచట అమ్ముడుపోయినది, ఎంతకు అమ్ముడుపోయినది అతనికి తెలియదు. ఆ షావుకారు సముద్రమునకు ఆవలి యొడ్డున ఉన్నాడనుకొనుడు. విదేశీ అవుట్‌సోర్సింగ్ అనగా అంతే.

పని ఇట్లు ప్రయాణము చేయుటకు నాలుగు కారణములు కలవు. మొదటిది కూలి. అమెరికాలో ఒక గంటకు ఇయ్యవలసిన కూలితో మన దేశమున ఒక దినమంతయు, కొన్ని చోట్ల అంతకు మించియు, పని చేయించుకొనవచ్చును. రెండవది నేర్పు. చదువుకొన్న యువకులు వేల సంఖ్యలో ఒకేచోట దొరకుట ఏ కంపెనీకైనను ఆకర్షణయే. మూడవది కాలభేదము. శీతకాలమున న్యూయార్కులో రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు మనకు మరునాటి ఉదయము ఏడున్నర. వారు నిద్రించు వేళ మనవారు పనిచేసి, వారు లేచునప్పటికి పూర్తిచేసి పంపగలరు. నాల్గవ కారణమును ఎవరును పైకి చెప్పరు. కార్మిక రక్షణ చట్టములు, నీటిని, గాలిని కాపాడు నియమములు ఎచట సడలుగా అమలు జరుగునో అచటికి కొన్ని పనులు వెదకికొని వచ్చును. మొదటి మూడు కారణములతో వచ్చిన పని వేరు. నాల్గవ కారణముతో వచ్చిన పని వేరు. ఈ రెండింటిని గుర్తుపట్టుటయే స్థానిక సంస్థల వివేకము.

బందరు నేర్పిన పాఠము

ఇది క్రొత్త కాలపు వింత అని తలపవలదు. మన తెలుగు తీరము దీనిని నాలుగు వందల యేండ్ల క్రిందటనే చూచినది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నమున తన వర్తక స్థానమును నెలకొల్పెను. అంతకు కొలది సంవత్సరముల ముందే డచ్చివారు వచ్చియుండిరి. మన అద్దకపు బట్టలకు, చిరివేరుతో వేసిన ఎఱ్ఱరంగునకు ఐరోపాలో గొప్ప గిరాకి ఏర్పడెను. కంపెనీ వర్తకుల ద్వారా బయానా సొమ్ము ఇచ్చి బట్టలు తయారు చేయించెను. అచటి వారి అభిరుచికి తగిన పూల నమూనాలు ఇంగ్లండు నుండియే వచ్చుచుండెను. మన అద్దకపు పనివారు ఎన్నడును చూడని తోటల పూలను వేసి పంపిరి.

పనివారికి కూలి దొరకినది, వర్తకులకు లాభము దొరకినది, రేవు వృద్ధి పొందినది. కాని ఇంగ్లండులోని నేతగాండ్ర బ్రతుకు దెబ్బతినెను. వారు ఆందోళన చేసిరి. 1700లో రంగులద్దిన తూర్పుదేశపు నూలుబట్టలను తమ దేశమున వాడుటకై దిగుమతి చేసికొనరాదని ఇంగ్లండు చట్టము చేసెను. 1719లో లండను నేతగాండ్రు అట్టి బట్టలు ధరించిన స్త్రీలపై వీధులలో దాడిచేయు స్థితి వచ్చెను. 1721లో మరింత గట్టి చట్టము వెలువడెను. ఆ చట్టములు చేసిన సభలో మన అద్దకపు పనివాని మాట వినువారెవరును లేరు. తరువాతి శతాబ్దమున ఇంగ్లండు యంత్రములు నేసిన బట్టయే మన సంతలకు వచ్చి పడినది.

ఈ కథలో రెండు సత్యములు కలవు. దూరదేశపు పని సంపద తెచ్చును. ఆ పని యొక్క తాళపుచెవి దూరదేశముననే ఉండును. నేటి రొయ్యల రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన దేశపు అనేక సరుకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, ఆ నిర్ణయము వాషింగ్టనులో జరిగినను దాని వేడి మన చెరువు గట్లపై తగిలెను.

పని పోయిన ఊరు

పని పంపివేసిన దేశమున ఏమి జరుగునో కూడ చూతము. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమున కన్నాపొలిస్ అను ఊరు కలదు. తువాళ్ళు, దుప్పట్లు నేయు ఒక గొప్ప మిల్లు చుట్టును ఆ ఊరు పెరిగినది. పనివారి ఇండ్లు మిల్లువి, వీధులు మిల్లువి. 1984 వరకు ఆ ఊరికి తన స్వంత పురపాలక సంఘమే లేదన్నచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఊరి పెద్ద మిల్లే. తాతయు, తండ్రియు, కుమారుడును అదే మిల్లులో పనిచేసిరి. కొలువు ఎటులైనను దొరకునను ధీమాతో పెక్కుమంది ఉన్నత పాఠశాల చదువును సైతము పూర్తిచేయలేదు.

చౌకగా తయారగు విదేశపు బట్టల పోటీకి ఆగలేక ఆ మిల్లు 2003 జూలై 30న మూతపడెను. ఆ ప్రాంతమున ఒక్క దినమున వేలమంది పని పోగొట్టుకొనిరి. అమెరికా మొత్తముపై 1999 నుండి 2011 వరకు చైనా దిగుమతుల పోటీ వలన 20 నుండి 24 లక్షల ఉద్యోగములు పోయినవని ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. యంత్రముల వలన పోయిన పనులు దీనికి అదనము. అట్టి కార్మికులకు శిక్షణయు, భృతియు ఇచ్చుటకు ఆ దేశము 1962లోనే చట్టము చేసికొన్నను, 2022 జూలైలో దాని గడువు ముగియగా క్రొత్తవారిని చేర్చుకొనుట ఆగిపోయెను.

అమెరికాకు లాభము లేదా? కలదు. దేశమందలి ప్రతి యింటికి తువాలు చౌకగా దొరకెను. కాని ఈ లాభము అందరికిని పిడికెడు పిడికెడుగా పంచబడినది. నష్టము మాత్రము ఒక ఊరి నెత్తిన బండవలె పడినది. దేశపు లెక్కలో లాభము కనిపించినను ఊరి లెక్క వేరుగ ఉండవచ్చును. దేశపు లెక్క వ్రాయుటకు పెద్దలు పెక్కుమంది కలరు. ఊరి లెక్క వ్రాయవలసినవారు మీరే.

పని వచ్చిన నగరము

ఇక పని వచ్చిన చోటికి పోవుదము. 1998 నవంబరులో నాటి ప్రధాని శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అప్పటికి ఆ చుట్టుపట్ల రాళ్ళగుట్టలే ఎక్కువ. పాత కంప్యూటర్లు సంవత్సరమును రెండంకెలతోనే గుర్తించుచుండుటచే 2000 సంవత్సరము రాగానే లెక్కలు తారుమారగునను భయము లోకమంతటను వ్యాపించియుండెను. ఆ దోషములను దిద్దుటకు వేలకొలది మనుష్యులు కావలసివచ్చిరి. మన ఇంజనీర్లు ఆ ద్వారమున ప్రవేశించిరి.

తెలంగాణ రాష్ట్రపు సమాచార సాంకేతిక ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో 2,41,275 కోట్లు. ఆ రంగమున పనిచేయువారు 3 లక్షల 23 వేల నుండి 9 లక్షల 5 వేలకు పెరిగిరి. వారిలో మన గ్రామముల బడులలో పలక పట్టిన పిల్లలు ఎందరో కలరు. వారు పంపిన సొమ్ముతో ఊళ్ళలో ఇండ్లు లేచినవి, తల్లిదండ్రులకు వైద్యము జరిగినది, చెల్లెండ్రకు చదువు దొరకినది. ఒక ఇంజనీరు జీతము వెంట వంటవాడు, డ్రైవరు, తాపీమేస్త్రి, కావలివాడు ఎందరో బ్రతుకుచున్నారు. ఇది నిజమైన లాభము. దీనిని తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు.

కాని అందులోనే ఒక హెచ్చరికయు కలదు. అమెరికా డాక్టర్లు రోగి వివరములను మాటలలో చెప్పి రికార్డు చేయగా, రాత్రికి రాత్రి వాటిని విని టైపు చేసి పంపు పని ఒకప్పుడు హైదరాబాదులో విరివిగా ఉండెను. ఎందరో డిగ్రీ చదివిన యువతీయువకులు శిక్షణకు సొమ్ము కట్టి నేర్చుకొనిరి. మాటను తానే అక్షరములుగా మార్చు యంత్రము రాగా ఆ పని చాలవరకు సన్నగిల్లెను. టెలిఫోనులో విదేశపు ఖాతాదారులకు జవాబు చెప్పు పనిలో కొంత భాగము 2010 ప్రాంతమున మన దేశము నుండి ఫిలిప్పీన్సునకు తరలెను. నేడు కృత్రిమ మేధ అదే ప్రశ్నను ప్రోగ్రాములు వ్రాయువారి ముందును పెట్టుచున్నది.

నిలిచినవారెవరు? ఒక్క పనినే పట్టుకొని కూర్చుండక, దోషము దిద్దుట నుండి నిర్మాణమునకు, నిర్మాణము నుండి రూపకల్పనకు మెట్టుమెట్టుగా ఎక్కినవారు. పని వెళ్ళినను నేర్పు వారి వద్ద మిగిలినది.

చౌకకు గల అసలు వెల

ఇప్పుడు మన పొరుగుననున్న బంగ్లాదేశమును చూతము. ఆ దేశపు ఎగుమతులలో ఐదింట నాలుగు పాళ్ళు కుట్టిన దుస్తులే. సుమారు 40 లక్షలమంది ఆ పనిపై బ్రతుకుచున్నారు. వారిలో ఎక్కువమంది పల్లెల నుండి వచ్చిన స్త్రీలు. ఈ కర్మాగారములకు దగ్గరనున్న గ్రామములలో బాలికలు ఎక్కువకాలము చదువుచున్నారనియు, వారి వివాహములు ఆలస్యముగ జరుగుచున్నవనియు 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చినది. చేతిలో సంపాదన ఉన్న ఆడపిల్లను ఇంటనైనను, బయటనైనను తేలికగా చూడలేరు.

అదే దేశమున ఢాకా సమీపమునందలి సావర్‌లో రాణా ప్లాజా అను ఎనిమిదంతస్తుల భవనముండెను. పై అంతస్తులు అనుమతి లేకుండ కట్టినవి. 2013 ఏప్రిల్ 23న గోడలలో పగుళ్ళు కనిపించెను. క్రింది అంతస్తులలోని బ్యాంకును, దుకాణములను మూసిరి. మీది అంతస్తులలో విదేశములకు పోవు దుస్తులు కుట్టువారిని మాత్రము మరునాటి ఉదయము తిరిగి లోనికి పంపిరి. సరుకు గడువులోపల ఓడ ఎక్కవలెను గదా! 24వ తేది ఉదయము భవనము కూలి 1,134 మంది మరణించిరి. అటుపిమ్మట రెండువందలకు పైగా విదేశపు కంపెనీలు భవనముల తనిఖీకి ఒప్పందము చేసికొనెను. ఆ దేశపు దుస్తుల కార్మికుల కనీస వేతనమును అదే సంవత్సరము నెలకు 3,000 టాకాల నుండి 5,300 టాకాలకు పెంచిరి. ఈ రెండు పనులును ముందే చేయుటకు వీలు లేకపోలేదు.

ఇంకొక సంగతి. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు విదేశపు దుకాణములు తామిచ్చిన ఆర్డర్లను రద్దు చేయుటయో, నిలిపివేయుటయో చేసెను. బంగ్లాదేశమున అట్లు ఆగిన సరుకు విలువ 300 కోట్ల డాలర్లకు పైమాటయే. బట్ట కొని కుట్టించినవాడు కర్మాగారపు యజమాని, పస్తులున్నది కార్మికురాలు. ఏరు దాటిన పిమ్మట తెప్ప తగులబెట్టువారు అన్ని దేశములలోను కలరు.

బంగ్లాదేశపు మాట యెందులకు, మన పటాన్‌చెరు సంగతి తలచుకొనుడు. అచటి మందుల కర్మాగారములు మన దేశమునకును, పెక్కు విదేశములకును చౌకగా ఔషధములు ఇచ్చినవి. ఎందరికో ఉపాధి కలిగించినవి. కాని వ్యర్థ జలముల వలన నక్కవాగు చెడిపోయి, పొలములు పాడైన రైతులు న్యాయస్థానములకు ఎక్కవలసి వచ్చెను. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థ జలమును శుద్ధిచేయు అచటి కేంద్రము నుండి బయటకు వచ్చు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. శుద్ధియైన పిమ్మట కూడ లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు ఉండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండుదానికంటె ఇది అధికము. మందు విదేశమునకు పోయెను. మురుగు మన వాగులో మిగిలెను. మాత్రయొక్క చౌక ధరలో ఆ వాగు వెలను ఎవరును కలుపలేదు.

కనబడని చేతులు

ఇప్పుడు మరల ఆ లేసు అల్లిన వృద్ధురాలి కడకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో ఇంటింటి పనియై నిలిచినది. నూలు ఏజెంటు ఇచ్చును. అల్లినది ఏజెంటు తీసికొనిపోవును. దానిని వర్తకుడు విదేశమునకు పంపును. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతమున పరిశీలన చేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. ఆమె కనుగొన్న ముఖ్య విషయమిది: లోకపు బజారునకు సరుకు తయారు చేయుచున్నను ఈ స్త్రీలను ఎవరును కార్మికులుగా లెక్కింపలేదు. "ఇంట్లో తీరిక వేళ ఏదో అల్లుకుంటారు" అనిరి. ఇంటి చాకిరి చేయుచు, దినమునకు ఆరేడు గంటలు అల్లినను, వారికి ముట్టినది చాల స్వల్పము. కార్మికురాలు కానిదానికి కనీస వేతనమెక్కడిది? సంఘమెక్కడిది?

2024లో నర్సాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది సంతోషింపదగిన విషయము. సరుకునకు ఊరి పేరు దక్కినది. ఇక ఆ సరుకు చేసిన చేతులకు కూలి దక్కవలెను.

పంచాయతీ అడుగవలసినవి

కావున మా సలహా ఏమి? దూరదేశపు పనికి తలుపు మూయుమని మేము చెప్పము. పని లేని ఊరిలో పిల్లలు నిలువరు. కాని తలుపు తీయుటకు ముందు వచ్చినవారిని పేరడుగుట గృహస్థుని ధర్మము. మీ గ్రామమునకు ఇట్టి పని వచ్చినప్పుడు ఈ ఆరు విషయములను వ్రాతమూలకముగ అడుగుడు.

1. ఈ పని ఎవరిది? సరుకు ఏ ఎగుమతిదారునకు, ఏ దేశమునకు పోవును? కాంట్రాక్టరు పారిపోయినచో ఎవరిని అడుగవలెను?

2. కూలి నెలకా, ముక్కకా? ముక్కకైనచో దినమంతయు పనిచేసినవారికి ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనము ముట్టునా? ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. సొమ్ము ఎవరి పేరున, ఎవరు కట్టుదురు?

3. భవనము యంత్రముల బరువును, మనుష్యుల సంఖ్యను ఆగగలదా? ఇంజనీరు చూచెనా? అగ్ని ప్రమాదమున బయటపడుటకు రెండవ ద్వారము కలదా? మరుగుదొడ్లు, త్రాగునీరు, పసిపిల్లలకు చోటు కలవా?

4. నీరు ఎంత వాడుదురు? వాడిన నీటిని ఎచటికి వదలుదురు? మీ వాగునకు, చెరువునకు మీరే కావలివారు.

5. మనవారు ఏమి నేర్చుకొందురు? ఒకామె జీవితాంతము కాలరు మాత్రమే, వేరొకామె జేబు మాత్రమే కుట్టినచో షెడ్డు మూసిననాడు ఇద్దరి చేతను చొక్కా రాదు. మొత్తము దుస్తును కుట్టుట, కత్తిరించుట, మిషను బాగుచేయుట నేర్పవలెను, నేర్చినట్లు పత్రమియ్యవలెను. 2014లో ప్రారంభమైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వంటి శిక్షణా పథకములు గ్రామీణ యువతకై ఏర్పడినవే.

6. వెళ్ళునప్పుడు ఎట్లు వెళ్ళుదురు? ఎన్ని నెలల ముందు చెప్పుదురు? కూలి బాకీలు ఎట్లు తీర్తురు? పంచాయతీ భవనమును ఏ స్థితిలో అప్పగింతురు?

దీనికి తోడు ఒక జాగ్రత్త. రాబోవు అద్దెను మించి పంచాయతీ సొమ్మును ఆ షెడ్డుపై ఖర్చుచేయవలదు. ఊరి బ్రతుకునంతటిని ఒకే షెడ్డుకు కట్టివేయవలదు. కన్నాపొలిస్ చేసిన పొరపాటు అదియే. మన స్వయం సహాయక సంఘముల స్త్రీలు పొదుపు లెక్కలు వ్రాయగలరు, బ్యాంకుతో మాటలాడగలరు. కొంత నేర్పు వచ్చిన పిమ్మట వారే సంఘముగ ఆర్డరు తీసికొనుటకు ప్రయత్నింపవచ్చును. అప్పుడు ధర ఏమో వారికి తెలియును.

ముగింపు

కొన్ని వారముల తరువాత మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. పంచాయతీ తన ప్రశ్నలను కాగితముపై వ్రాసి కాంట్రాక్టరుకు పంపియుండెను. ఎగుమతిదారుని పేరు ఆయన తెలిపెను. సరియైన అద్దెకును, మూడు నెలల ముందు నోటీసునకును ఒప్పుకొనెను. రెండవ ద్వారము పెట్టించుటకు కొంత గొణిగి అంగీకరించెను. పన్ను తగ్గింపునకు పంచాయతీ ఒప్పుకొనలేదు; ఆయనయు పట్టుపట్టలేదు. మొత్తము దుస్తు కుట్టుట నేర్పు విషయమున మాత్రము ఇంకను బేరము సాగుచున్నది. షెడ్డు తెరువబడునో లేదో నేటికి మేము చెప్పజాలము. ఈ షరతులు విని ఆయన వేరొక ఊరిని వెదకికొనవచ్చునను భయము సభ్యులలో ఇప్పటికిని కలదు. ఆ భయము నిరాధారమైనది కాదు. అందుచేతనే ఈ ప్రశ్నలను ఒక్క ఊరు అడిగిన చాలదు. ప్రక్క ఊరును అడుగవలెను. ప్రక్క ఊరివారు ఈ సభలోనే కూర్చున్నారు.

ఆ వృద్ధురాలి మొదటి ప్రశ్నకు జవాబు దొరకెను. రెండవదానికి, అనగా సరుకు అచట ఎంతకు అమ్ముదురనుదానికి, కాంట్రాక్టరు జవాబు చెప్పలేదు. ఆ మాట సమావేశమున వచ్చినప్పుడు ఇంటరు చదివిన ఒక అమ్మాయి, "అమ్మమ్మా, చాలా చొక్కాలకి విదేశీ ధర చీటీ ఇక్కడే తగిలించి పంపుతారట. చీటీ మా చేతుల్లోకే వస్తుంది. నేను చదివి చెబుతాలే" అనెను.

ధరయంతయు కూలివారిదే కావలెనని ఎవరును అనరు. ఓడ కిరాయి, దుకాణపు అద్దె, బట్ట వెల అన్నియు అందులోనివే. కాని ఆ చీటీని చదివిన అమ్మాయి తన కూలిని గూర్చి మాటలాడు తీరు వేరుగ నుండును. మీ గ్రామమున అట్టి అమ్మాయిలను చదివించుడు. వారికి పని వచ్చునప్పుడు వారి పక్షమున మీరు ముందు నిలిచి అడుగుడు.